కుక్కపిల్లకు ఇన్ని ప్రశ్నలా?

ఇంట్లో ఒక కుక్కపిల్లనో పిల్లికూననో పెంచుకుందామని మీరు నిర్ణయించుకున్నారనుకోండి. డబ్బు పోసి కొనడం మీకు ఇష్టం లేదు. తల్లి పోయిందో, బండి కింద పడి కాలు విరిగిందో, ఎవరో చేరదీసి బతికించిన ప్రాణిని తెచ్చుకుంటే మేలనుకున్నారు. మంచి ఆలోచన. జంతువుల్ని కాపాడే ఒక రెస్క్యూ సంస్థకు ఫోన్ చేశారు. వాళ్ళొక ఫారం పంపారు. అక్కడ మొదలవుతుంది అసలు పరీక్ష. ఇల్లు సొంతమా, అద్దెదా? అద్దెదైతే ఓనరు ఒప్పుకున్నట్టు కాగితముందా? ఇంట్లో అందరికీ ఇష్టమేనా? పగలు ఇంట్లో ఎవరుంటారు? సంక్రాంతికి ఊరెళితే దీన్నెవరు చూస్తారు? మీకింకా పెళ్ళి కాలేదు కదా, రేపు వచ్చే మనిషికి కుక్కలంటే పడకపోతే ఏం చేస్తారు? బాల్కనీకి వల ఉందా? ఆధార్ కాపీ పంపండి. వీడియో కాల్‌లో ఇల్లు చూపించండి. ఇవన్నీ అయ్యాక, మా వాలంటీర్ మీతో మాట్లాడతారు అని ఒక మెసేజ్ వస్తుంది. ఆ తరువాత వారం గడుస్తుంది, రెండు వారాలు గడుస్తాయి, ఉలుకూ పలుకూ ఉండదు. పిల్లనిచ్చేవాళ్ళు కూడా ఇన్ని అడగరండీ అని విసుక్కునేవాళ్ళను నేను తప్పు పట్టను. ఆ విసుగులో న్యాయముంది. అయితే విసుగు దేని మీదన్నది తేల్చుకోవాలి. అడిగిన ప్రశ్నల మీదా? రాని జవాబు మీదా? ఈ రెంటినీ మనం కలిపేసుకుంటున్నాం. నన్నడిగితే, ప్రశ్నలు అడగాల్సిందే. జవాబు చెప్పకుండా నాన్చడం మాత్రం తప్పు. ఈ ఒక్క ముక్కే ఇవాళ కాస్త వివరంగా చెబుతాను.

ముందు ప్రశ్నల సంగతి. అసలివి ఎక్కణ్ణుంచి వచ్చాయి? మన పల్లెల్లో కుక్కను దత్తత తీసుకోవడమనే మాటే లేదు. అక్కడ కుక్కే ఇంటిని ఎంచుకునేది. నాలుగు రోజులు అరుగు పక్కన పడుకునేది. రాత్రి మిగిలిన అన్నం ఒక ముద్ద వేస్తే, ఆ ఇంటి కుక్క అయిపోయేది. పొద్దున్నే పొలానికి వెంటపడి వెళ్ళేది. కోతల రోజుల్లో కళ్ళం దగ్గర కాపలా ఉండేది. ఈ ఇంట ముద్ద పడకపోతే ఆ ఇంటికి పోయేది. ఇంటివాళ్ళు నెల్లాళ్ళు యాత్రలకెళ్ళినా దాని రోజు గడిచిపోయేది. ఊరంతా దానికి ఇల్లే. ఇప్పుడు అదే కుక్క మియాపూర్‌లోనో మధురవాడలోనో ఐదో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటోంది. దానికి తిండి పెట్టాలంటే మనిషి రావాలి. నీళ్ళు పోయాలంటే మనిషి రావాలి. ఆఖరికి ఒంటికి పోసుకోవాలన్నా మనిషొచ్చి తలుపు తియ్యాలి, లిఫ్టు నొక్కాలి. ఊరంతా మోసిన బాధ్యత ఒక్క ఇంటి మీద, చాలాసార్లు ఒక్క మనిషి మీద పడింది. ఆ మనిషికి జ్వరమొస్తే దాని గతేమిటి? ఉద్యోగం బెంగళూరుకు మారితే? ఆ ఫారంలో ఉన్న ప్రశ్నలు ఇవే కదా. ఫ్లాటు వచ్చింది, దాని వెనకే ఫారం వచ్చింది.

ఇక చట్టం సంగతి. పెంచుకున్న జంతువును మధ్యలో వదిలేస్తే చట్టం చూసుకోదా, వీళ్ళెవరు ముందే ఆరా తీయడానికి అని కొందరు అడుగుతారు. సబబైన ప్రశ్నే. జంతువుల పట్ల క్రూరత్వాన్ని నివారించే చట్టం మనకు 1960లోనే వచ్చింది. నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలిగా పట్టుబట్టి అందుకు దారి వేశారు. సరైన కారణం లేకుండా జంతువును ఆకలిదప్పులకు వదిలెయ్యడం ఆ చట్టం ప్రకారం నేరం. నేరమే, సందేహం లేదు. మరి శిక్ష? మొదటిసారైతే 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా జరిమానా. మళ్ళీ చెబుతున్నాను, 10 నుంచి 50 రూపాయలు. ఆ 10 రూపాయలకు ఇవాళ హైదరాబాద్‌లో ఇరానీ చాయ్ కూడా రాదు. 2020లో కరోనా కొత్తగా వచ్చిన రోజులు గుర్తు చేసుకోండి. కుక్కల వల్ల, పిల్లుల వల్ల ఆ జబ్బు అంటుకుంటుందని ఒక పుకారు లేచింది. అది నమ్మి ఏళ్ళ తరబడి పెంచుకున్నవాటిని జనం రోడ్డు మీద దింపేశారు. అలా చెయ్యొద్దని భారత జంతు సంక్షేమ మండలి రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. మరి వాటి తరఫున అడిగేదెవరు? మహాభారతం ఆదిపర్వంలో దేవతల కుక్క సరమ కథ ఒకటుంది. తన కొడుకును అకారణంగా కొట్టారని ఆ తల్లి నేరుగా జనమేజయుడి దగ్గరికి వెళ్ళి నిలదీసింది. సంచిలో కట్టి పారేసిన కుక్కపిల్లకు అలా నిలదీసే తల్లి ఉండదు. ఇచ్చేశాక అడిగే దిక్కు లేదు కనుకే, ఇవ్వకముందు అడుగుతున్నారు. వాళ్ళ చేతిలో ఉన్నది ఆ ఒక్క ఘడియే.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. ఎంత చెడ్డా, వీధిలో పడి ఉండటం కంటే మా ఇల్లు నయం కాదా అని. వినడానికి ఎంతో సమంజసంగా ఉంటుంది. కానీ కొంచెం నిదానంగా ఆలోచించండి. వీధిలో పుట్టి, వీధిలో పెరిగిన కుక్కకు ఆ వీధి తెలుసు. ఏ హోటల్ వెనక ఎన్నింటికి ఎముకలు పడతాయో తెలుసు. ఏ గేటు ముందు నిలబడితే రాయి పడుతుందో తెలుసు. పక్క సందు కుక్కల హద్దు ఎక్కడో, రోడ్డు ఎప్పుడు దాటాలో తెలుసు. వీధికుక్కలకు సంతాన నియంత్రణ ఆపరేషన్ చేశాక ఎక్కడ పట్టుకున్నారో అక్కడే వదలాలని 2001 నాటి నిబంధనలూ చెప్పాయి, వాటి స్థానంలో 2023లో వచ్చినవీ చెప్పాయి. కుక్కకు తన చోటుతో ఉన్న సంబంధం అంత గట్టిది. ఇప్పుడు నెల పిల్లప్పుడు ఇంటికి తెచ్చి, సోఫా మీద పెంచి, ఏడాది తిరగ్గానే కుదరడం లేదని ఏ రింగురోడ్డు పక్కనో దింపేసిన కుక్కను ఊహించుకోండి. దానికి ఏ వీధీ తెలియదు. ప్రతి సందులోనూ కుక్కలు మీద పడతాయి. చెత్తకుప్పలో తిండి వెతుక్కోవడం రాదు. హారన్ వినిపిస్తే పక్కకు తప్పుకోవాలని తెలియదు. వీధికుక్కకు లేని కష్టం దీనికొచ్చింది. సగంలో వదిలేసే ఇల్లు వీధి కంటే నయం కాదు. వీధి కంటే ఘోరం. ప్రశ్నలకు అసలు కారణం ఇది.

కొన్ని ప్రశ్నలు పైకి చాదస్తంగా కనబడతాయి. బాల్కనీ వల సంగతే తీసుకోండి. పిల్లిని పెంచుకుంటామన్నవాళ్ళను ఎక్కువగా విసిగించే ప్రశ్న ఇదే. పిల్లి ఎంత ఎత్తు నుంచి దూకినా నాలుగు కాళ్ళ మీద నిలబడుతుంది కదా, దానికి వలెందుకు? నిజానికి పిల్లి గాలిలో ఒళ్ళు తిప్పుకోగలదు. కాళ్ళ మీదే పడగలదు. అలా పడి కూడా దవడ పగులుతుంది, ఛాతీ నలుగుతుంది, కాళ్ళు విరుగుతాయి. పెద్ద భవనాల మీంచి పడిన పిల్లుల దెబ్బలకు పశువైద్యులు ప్రత్యేకంగా ఒక పేరే పెట్టుకున్నారంటే, అది ఎంత మామూలు సంగతో చూడండి. మన అపార్టుమెంట్లలో ఇంకో చిక్కుంది. పావురాలు. మధ్యాహ్నం పూట రెయిలింగ్ మీద పావురం వచ్చి వాలుతుంది. గదిలో నిద్రపోతున్న పిల్లి కన్ను తెరుస్తుంది. పొట్ట నేలకు ఆనించి, తోక చివర మాత్రం కదిలిస్తూ, ఒక్కో అడుగే వేసుకుంటూ వస్తుంది. ఆ క్షణాన దానికి పావురం తప్ప ఇంకేమీ కనబడదు. అంతస్తు లెక్క దానికి తెలియదు. దూకుతుంది. పావురం ఎగిరిపోతుంది. పిల్లికి రెక్కల్లేవు. మా ఇంట్లో పావురాల వల ఉందండీ అంటారు కొందరు. పావురాల కోసం కట్టిన సన్నటి నైలాన్ వల పిల్లి గోళ్ళకూ పళ్ళకూ ఎన్నాళ్ళో ఆగదు. కాస్త మందపాటిది కట్టించుకోవాలి. ఆ ఒక్క ప్రశ్న ఒక ప్రాణాన్ని నిలబెడుతుంది.

అలాగే ఇంకో ఫిర్యాదు. కుక్కపిల్లను చూపించారు, మాకు నచ్చింది, మేమూ వాళ్ళకు నచ్చాం, ఇంకా నెల ఆగమంటారేమిటి? ఇక్కడ పార్వో అనే జబ్బు గురించి రెండు మాటలు చెప్పాలి. కుక్కపిల్లల్ని పట్టుకునే వైరస్ జబ్బు. లోకానికి 1978లో తెలిసింది. ఇది సోకిన పిల్ల కొన్ని రోజులు మామూలుగానే ఉంటుంది. ఆదివారం గంతులు వేస్తుంది. బుధవారం పాలు ముట్టదు. గురువారానికి వాంతులు, నెత్తురు విరేచనాలు. వైద్యం సమయానికి అందకపోతే దక్కదు. ఆ పిల్లను తెచ్చుకున్న ఇంట్లో పిల్లలుంటే, వాళ్ళు పేరు పెట్టి నాలుగు రోజులు కాకముందే అది పోతే, ఆ ఇల్లు మళ్ళీ ఇంకో ప్రాణిని తెచ్చుకోవడానికి భయపడుతుంది. అంతేకాదు, ఆ వైరస్ నేల మీద నెలల తరబడి బతికి ఉంటుంది. మామూలు ఫినాయిల్‌కు చావదు, బ్లీచింగ్ పెట్టి కడగాలి. అందుకే మీ ఇంట్లో ఈ మధ్య ఏదైనా కుక్కపిల్ల చనిపోయిందా అని ఫారంలో అడుగుతారు. చచ్చిపోయిన దాని గురించి అడిగి మనసు నొప్పించడానికి కాదు. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి, నాలుగు నెలల వయసు దాకా వెయ్యాలి. కనీసం ఒకటి రెండు డోసులు పడ్డాకే ఇస్తామనడం జాగ్రత్తే. అయితే ఈ మాట ఆ ఇంటివాళ్ళకు విడమర్చి చెప్పాలి. చెప్పకుండా ఆగమంటే బెట్టు చేస్తున్నారనిపిస్తుంది. చెప్పి ఆగమంటే ఎవరైనా ఆగుతారు.

ఇంతవరకూ సంస్థల తరఫున మాట్లాడాను. ఇప్పుడు రెండో వైపుకు వస్తాను. ప్రశ్న అడగడం వేరు, తలుపు మూసెయ్యడం వేరు. చాలా సంస్థలు మొదటిది చేస్తున్నామనుకుంటూ రెండోది చేస్తున్నాయి. అద్దె ఇళ్ళవాళ్ళకు ఇవ్వం అంటారు. ఒంటరిగా ఉన్న కుర్రాళ్ళకు ఇవ్వం అంటారు. ఉద్యోగం చేసే దంపతులకు ఇవ్వం అంటారు. మొదటిసారి పెంచుకునేవాళ్ళకు ఇవ్వం అనేవాళ్ళూ ఉన్నారు. హైదరాబాద్‌లో అద్దెకున్నవాళ్ళను తీసేస్తే, పాతికేళ్ళ నుంచి ముప్పై అయిదేళ్ళ మధ్యవాళ్ళు ఎంతమంది మిగులుతారు? ఒంట్లో కుక్కతో రోజూ పరుగెత్తగల శక్తి, ఫోన్‌లో చూసి నేర్చుకునే ఓపిక ఉన్నది ఆ వయసువాళ్ళకే. అసలే ఇల్లు అద్దెకివ్వాలంటే మీరేం తింటారు, మీరెవరు, పెళ్ళయిందా అని ఓనర్లు అడిగి అడిగి వాళ్ళను వేధిస్తున్నారు. ఆ తిరస్కారమే ఇంకోసారి కుక్కపిల్ల దగ్గర కూడా ఎదురైతే ఎలా ఉంటుంది? ఇక్కడ ఒక సంగతి చాలామందికి తెలియదు. పెంపుడు జంతువుల్ని పెంచకూడదని అపార్టుమెంటు సంఘాలు నిషేధం పెట్టకూడదని జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. ఓనరుతో రాసుకున్న అద్దె ఒప్పందం వేరే సంగతి, అది చూసుకోవాల్సిందే. కాబట్టి అద్దె ఇల్లా అని అడగండి. అడిగి, ఓనరుతో ఒక్కసారి మాట్లాడించండి అనండి. అద్దె ఇల్లు మారితే దీన్ని ఎలా తీసుకెళతారని అడగండి. ఆ జవాబులో మనిషి తెలుస్తాడు. ఇల్లు ఎవరి పేరున ఉందన్నదాంట్లో ఏమీ తెలియదు. సొంతిల్లున్నవాళ్ళు వదిలెయ్యరన్న హామీ ఏమైనా ఉందా? 2020లో పుకారుకు భయపడ్డవాళ్ళందరూ అద్దె ఇళ్ళవాళ్ళేనా?

ఇక మౌనం. నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది ఇది. దరఖాస్తు పెట్టిన మనిషికి అవునూ చెప్పరు, కాదూ చెప్పరు. వాళ్ళకు జీతాల్లేవు, పగలు ఉద్యోగం చేసుకుని రాత్రిపూట ఈ పని చేస్తారు, అర్ధరాత్రి ఫోనొస్తే మోరీలో పడ్డ కుక్కను తియ్యడానికి పోతారు, మెసేజ్‌లకు జవాబులెక్కడ రాస్తారు అని వాళ్ళ తరఫున ఎవరైనా అనవచ్చు. ఇది నిజం. వాళ్ళ కష్టం ముందు మన విసుగు ఏపాటిది? వాళ్ళ గేటు ముందు పొద్దున్నే అట్టపెట్టెలో నాలుగు పిల్లల్ని పెట్టి వెళ్ళిపోయేవాళ్ళున్నారు. వాటికి పాలు పట్టాలా, మన ఫారం చూడాలా? కానీ ఈ కారణం ఆలస్యాన్ని సమర్థిస్తుంది. మౌనాన్ని సమర్థించదు. కాదని రాయడానికి ఒక్క నిమిషం పడుతుంది. ఎందుకు కాదో రాయడానికి రెండో నిమిషం. మీ బాల్కనీకి వల లేదు కనుక ఇప్పుడు ఇవ్వలేం, కట్టించాక చెప్పండి అంటే, ఆ మనిషి వల కట్టించి తిరిగి వస్తాడు. ఏమీ చెప్పకపోతే నేనేం తప్పు చేశాను అనుకుంటూ వెళ్ళిపోతాడు. పోయినవాడు ఊరికే పోడు. ఇంకో పదిమందికి చెబుతాడు, అక్కడికి వెళ్ళకండి, అవమానిస్తారు అని. ఆ మాట వల్ల ఎన్ని కుక్కపిల్లలకు ఇల్లు తప్పిపోతుందో ఎవరూ లెక్కపెట్టలేరు.

రుసుము గురించి కూడా ఒక మాట. వీధిలో దొరికిన దానికి డబ్బులేమిటని కొందరు అడుగుతారు. టీకాలకు, నులిపురుగుల మందుకు, ఆపరేషన్‌కు అయిన ఖర్చులో కొంత పంచుకోమని అడగడం తప్పు కాదు. కానీ కొన్ని సంస్థలు ఇంకో కారణం చెబుతాయి. ఉచితంగా ఇస్తే విలువుండదు, డబ్బు కట్టినవాడే ప్రేమగా చూసుకుంటాడు అని. ఊరికే వచ్చినదానికి విలువుండదన్నది మనకు బాగా అలవాటైన నమ్మకం. కానీ ఇది నిలబడలేదు. డబ్బు కట్టి పిల్లిని తెచ్చుకున్నవాళ్ళనూ, ఉచితంగా తెచ్చుకున్నవాళ్ళనూ అమెరికాలో పరిశోధకులు పోల్చి చూసి, 2009లో ఫలితాలు ప్రచురించారు. పిల్లి మీద వాళ్ళ మమకారంలో తేడా కనబడలేదు. కాబట్టి ఖర్చుకు అడుగుతున్నామని చెప్పి అడగండి. ప్రేమకు పరీక్ష అని చెప్పి అడగకండి. అమెరికా అంటే గుర్తొచ్చింది. అక్కడ స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాలకూ ఈ కష్టం తప్పదు. పెరటికి కంచె ఉందా అని అడిగే సంస్థలున్నాయి. ఇదివరకు మీ జంతువుల్ని చూసిన పశువైద్యుడి పేరు చెప్పమంటాయి. జీవితంలో మొదటిసారి కుక్కను పెంచుకోబోయే మనిషికి పశువైద్యుడు ఎక్కణ్ణుంచి వస్తాడు? అనుభవం ఉంటే కుక్కనిస్తామంటే, కుక్క లేకుండా అనుభవమెలా వస్తుంది? పెళ్ళి కుదిరితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కుదరదు అన్నట్టుంది.

తలుపు మూస్తే జనం ఎక్కడికి పోతారు? దుకాణానికి పోతారు. అక్కడ ఒక్క ప్రశ్న ఉండదు. డబ్బిస్తే అరగంటలో కుక్కపిల్ల చేతిలో ఉంటుంది. అదే మర్యాద అనుకుంటాం. అడగకపోవడం మర్యాద కాదండీ. ఆ పిల్ల రేపు ఏమైనా వాళ్ళకు పట్టదని అర్థం. ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదని 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల్లో ఉంది. దుకాణాలు రిజిస్టర్ చేసుకోవాలని 2018 నిబంధనల్లో ఉంది. కొనేటప్పుడు ఈ రెండూ ఎంతమంది అడుగుతున్నారు? మంచు దేశంలో బండ్లు లాగడానికి పుట్టిన హస్కీని మే నెల హైదరాబాద్‌లో పెంచుతున్నారు. ఒంటి నిండా రెండు పొరల బొచ్చు. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి ఒగర్చి ఒంటిని చల్లబరుచుకోవాలి. రోజంతా ఒగరుస్తూనే ఉంటుంది. ఏసీ బిల్లు చూసి ఇంటాయన ఒగరుస్తాడు. దీనికి ఈ ఎండ పడదండీ అని దుకాణంలో ఒక్కరు అడ్డుపడి ఉంటే ఆ కుక్కకు ఈ బాధ తప్పేది. రెస్క్యూ సంస్థలు తమ కఠినత్వంతో ఈ దుకాణాలకే బేరాలు తోలుతున్నాయి. జంతువుల మీద ప్రేమతో పెట్టిన నిబంధన, చివరికి జంతువుల వ్యాపారానికి అక్కరకొస్తోంది. ఇది వాళ్ళు గ్రహించుకోవాలి.

మరి ఏం చెయ్యాలి? ఫారం ఎంత పొడుగ్గా ఉన్నా దానికి అందనిది ఒకటుంది. కుక్క ఆ ఇంటికి వెళ్ళాక ఏం జరుగుతుందన్నది. అనుభవజ్ఞులు ఒక లెక్క చెబుతారు. కొత్త ఇంట్లో కుక్కకు బెదురు తీరడానికి మూడు రోజులు, పద్ధతులు తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు అని. ఇది శాస్త్రం కాదు, చేయి తిరిగినవాళ్ళ అంచనా. మొదటి మూడు రోజులూ అది మంచం కింద నుంచి రాదు. తిండి ముట్టదు. రాత్రంతా మూలుగుతుంది. కింది ఫ్లాటువాళ్ళు ఫోన్ చేస్తారు. చెప్పు కొరుకుతుంది. చాప మీద పోస్తుంది. ఇంటివాళ్ళకు భయం పుడుతుంది, పొరపాటు చేశామా అని. సరిగ్గా అప్పుడు ఒక ఫోన్ రావాలి. ఎలా ఉంది, తింటోందా, మూలుగుతుందిలెండి, వారంలో తగ్గుతుంది అని. ఆ ఒక్క ఫోన్ వంద ప్రశ్నల ఫారం కంటే ఎక్కువ కుక్కల్ని ఇంట్లో నిలబెడుతుందని నా నమ్మకం. కొన్ని సంస్థలు ముందు రెండు వారాలు మీ దగ్గర ఉంచుకోండి, కుదిరితే అప్పుడు కాగితాలు రాసుకుందాం అంటున్నాయి. దాన్ని ఫోస్టర్ అంటారు. నా ఓటు దానికే. ఓనరు ఒప్పుకుంటాడో లేదో, అత్తగారికి పడుతుందో లేదో ఆ రెండు వారాల్లో తేలిపోతుంది. ఫారం ఊహించలేనిది కుక్కే తేల్చేస్తుంది. కుదరక తిరిగి ఇచ్చినవాళ్ళను దోషుల్లా చూడకూడదు కూడా. తిరిగి ఇవ్వడానికి సిగ్గుపడే మనిషే రోడ్డు పక్కన దింపుతాడు.

ఇప్పుడు మీతో ఒక మాట, శ్రోతలూ. సంస్థల మీద ఇన్ని విన్నాక మన వైపూ చూసుకోవాలి. కొన్నేళ్ళుగా మన ఊళ్ళలో వీధికుక్కల మీద కోపం, భయం, జాలి అన్నీ కలగలిసి ఉన్నాయి. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాడు కుక్కల దాడిలో చనిపోయాడు. ఆ భయం ఉత్తినే పుట్టలేదు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కల కేసులో ఇచ్చిన ఉత్తర్వులో, జంతుప్రేమికులు మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టుకుని వీధికుక్కను దత్తత తీసుకోవచ్చని చెప్పింది. వెంటనే ఒక షరతు పెట్టింది. తీసుకున్న కుక్క మళ్ళీ వీధికి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవాళ్ళదే అని. అంటే ఫారంలో అడిగే మాటనే కోర్టూ అడిగింది. అదే నెలలో హైదరాబాద్ నగరపాలక సంస్థ బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో నాటు కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. మంచి మొదలు. ఇలాంటి మేళాల్లో వినబడే మాట ఒకటుంది. మగపిల్ల ఉందా? ఇది మనకు కొత్త మాటేమీ కాదు. మగవాటిని ముందు ఎత్తుకుపోతారు. ఆడవి మిగిలిపోతాయి, ఈనుతుందని భయం. ఆరు నెలలు దాటాక చేసే ఒక్క ఆపరేషన్‌తో ఆ భయం పోతుంది, అలాంటి ఆపరేషనే మగదానికీ చేయించాలి. పెద్ద కుక్కల్ని ఎవరూ అడగరు. నిజానికి రెండేళ్ళు నిండిన కుక్క గుణం ముందే తెలుస్తుంది, చెప్పులు కొరికే వయసు దాటిపోతుంది, ఉద్యోగస్తుల ఇంటికి అదే సుఖం. మాకు తెల్లది కావాలి, బొచ్చుది కావాలి, మగది కావాలి, రెండు నెలల లోపుదే కావాలి అని మనం నాలుగు షరతులు పెట్టి, వాళ్ళు నలభై ప్రశ్నలడిగారని కోప్పడటం ఏం న్యాయం?

సంస్థలు నడిపేవాళ్ళు ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే, మీ దగ్గర జవాబు లేకుండా పడి ఉన్న దరఖాస్తులకు ఈ ఆదివారం ఒక గంట కేటాయించండి. అవును, కాదు, ఇప్పుడు కాదు, ఏదో ఒకటి రాయండి, కారణం కూడా రాయండి. దరఖాస్తు పెట్టబోయేవాళ్ళు, ప్రశ్నలకు తయారుగా వెళ్ళండి. ఓనరుతో ముందే మాట్లాడండి. సంక్రాంతికి ఎవరు చూస్తారో ముందే అనుకోండి. ఇక మగదా, ఆడదా అని ఫారంలో ఒక గడి ఉంటుంది. అక్కడ ఏదైనా సరే అని రాయండి.